రూట్ కెనాలా, సిమెంటా? డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు పన్ను నరం సంగతి తెలుసుకోవడం ఎలా

"సిమెంటు పెడితే సరిపోద్దా బాబూ, నరం తీయాలేటి?" శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఇది. సిమెంటు అంటే పుచ్చు తీసి గొయ్యి పూడ్చడం. నరం తీయడం అంటే రూట్ కెనాల్, పన్ను లోపలి నరం తీసి శుభ్రం చేసి మూయడం. ఫోనులో అడిగేవాళ్ళు ఇంకా ఎక్కువ. నోరు తెరిచి ఫోటో తీసి పంపి, చూసి చెప్పమంటారు. ఫోటోలో పన్ను గొయ్యి కనిపిస్తుంది, లోపల నరం ఏ స్థితిలో ఉందో కనిపించదు. అది తెలియాలంటే మూడు సంగతులు కావాలి. నొప్పి దేనివల్ల మొదలైంది? ఆ కారణం తీసేశాక ఎంతసేపు నిలిచింది? రాత్రి నిద్ర లేపిందా? ఈ మూడూ మీకు తప్ప ఎవరికీ తెలియవు. నొప్పి ఎంత గట్టిగా ఉందన్నదానికి పళ్ళ డాక్టర్లుగా మేం ఇచ్చే విలువ మీరనుకునేదానికన్నా చాలా తక్కువ.

ఇచ్ఛాపురం నుంచో మందస నుంచో శ్రీకాకుళం, రాజాం నుంచో గజపతినగరం నుంచో విజయనగరం రావాలంటే ఆ రోజు పని పోయినట్టే. వచ్చాక "ఎప్పట్నుంచో తెలీదు, మొత్తం లాగేస్తోంది" అంటే మళ్ళీ రమ్మనాల్సి వస్తుంది. అందుకని వచ్చేముందు ఇంట్లోనే చూసుకోవలసినవి, రాసుకోవలసినవి ఇక్కడ వరసగా చెప్తున్నాను. వీటితో పన్నుకు వైద్యం జరగదు. డాక్టరు పరీక్షకు ఇవి సాయం, అంతే.

ముందు ఇది చూడండి: ఆగకూడని సందర్భాలు

దవడ కింద గానీ మెడ మీద గానీ వాపు గట్టిగా ఉన్నా, నాలుక కింద ఉబ్బి నాలుక పైకి లేచినట్టున్నా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా, కన్ను మూసుకుపోయేలా చెంప వాచినా, వీటితో పాటు జ్వరం ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. చీము మెడలోకి దిగితే ఊపిరి ఆడదు. అప్పుడు వెళ్ళాల్సింది మామూలు పళ్ళ క్లినిక్‌కి కాదు. 108కి ఫోన్ చేయండి. శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలుచుకునే పెద్దాసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. అర్ధరాత్రి అయినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకొకటి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు కింది దవడ లాగి, కూర్చుంటే తగ్గుతుంటే అది పన్ను కాకపోవచ్చు. గుండె నొప్పి కొందరిలో దవడకే వస్తుంది. చెమటలు, ఆయాసం తోడైతే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో

పన్ను పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడిమధ్య మెత్తని గుజ్జు ఉంటాయి. మనం నరం అనేది ఆ గుజ్జునే. అందులో నరాలతో పాటు రక్తనాళాలు, డెంటిన్‌ను తయారుచేసే కణాలు కూడా ఉంటాయి. దానికి రక్తం అందేది ప్రధానంగా వేరు కొసన ఉండే సన్నని రంధ్రం గుండా. వేలికి దెబ్బ తగిలితే వేలు ఉబ్బుతుంది. పన్ను లోపల చుట్టూ గట్టి గోడే కాబట్టి ఉబ్బడానికి చోటు లేదు, ఒత్తిడి అంతా లోపలే పెరుగుతుంది.

ఈ గుజ్జులో నొప్పి నరాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం చల్లదనానికి చటుక్కున స్పందిస్తుంది. జివ్వుమనిపించి ఆగిపోతుంది. రెండోది లోతుగా, నెమ్మదిగా పనిచేస్తుంది. అది రేగితే సలుపు మొదలై ఆగదు. మన పరిశీలనంతా ఈ రెండో రకం నొప్పి మొదలైందా లేదా అని తెలుసుకోవడానికే.

కావలసినవి

- చేతి అద్దం, ఫోన్ టార్చి, పట్టుకోవడానికి ఇంకొకరు
- ఫ్రిజ్‌లోని సన్నని ఐస్ ముక్క
- శుభ్రమైన దూది లేదా పలుచని నూలు గుడ్డ
- స్టీలు చెంచా
- రాసుకోవడానికి కాగితం (ఫోన్‌లో రాసుకున్నా చాలు)
- ఇంతకుముందు తీయించిన పళ్ళ ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ

నొప్పి మాత్ర వేసుకుని ఉంటే దాని ప్రభావం తగ్గాకే 3, 4 మెట్లు చేయండి. మాత్ర పనిచేస్తుండగా చేస్తే చెడ్డ పన్ను కూడా మంచిదానిలా నటిస్తుంది.

1. ఒక పగలు, ఒక రాత్రి నొప్పిని గమనించి రాసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఐస్ పెట్టడం, తట్టడం అన్నీ దీని తర్వాతే. తొందరపడి దీన్ని దాటేయకండి.

*దేనితో మొదలవుతోంది?* చల్లనీళ్ళా, తీపా, వేడి టీయా, కొరకడమా? లేక ఏమీ చేయకుండా టీవీ చూస్తూ కూర్చున్నా వస్తోందా? దానంతటదే వచ్చే నొప్పి నరం గట్టిగా దెబ్బతిందనడానికి పెద్ద గుర్తు.

*ఎంతసేపు ఉంటోంది?* చల్లనీళ్ళు మింగేశాక లెక్కపెట్టండి. రెండు మూడు అంకెల్లో పోయిందా, ముప్పై దాటినా ఉందా, లేక అరగంట సలిపిందా? "చాలాసేపు" అని రాయకండి. ఎవరి చాలాసేపు వారిది.

*రాత్రి లేపిందా?* పడుకోగానే ఎక్కువై, లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుందా? పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, అప్పటికే బిగుసుకుపోయిన గుజ్జు ఇంకా సలుపుతుంది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటున్నామని చెప్పేవాళ్ళ పన్ను చాలావరకు సిమెంటు దశ దాటిపోయి ఉంటుంది.

*వేడికా, చల్లదనానికా?* మొదట్లో చల్లదనానికి జివ్వుమంటుంది. ముదిరాక కొందరిలో వ్యవహారం తిరగబడుతుంది. వేడి టీ తాగితే ప్రాణం పోతుంది, చల్లనీళ్ళు పుక్కిట పడితే హాయిగా ఉంటుంది. చల్లనీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, గుక్కగుక్కగా నోట్లో నింపుకుంటూ వచ్చే మనిషిని చూస్తే మాకు సగం సంగతి గుమ్మంలోనే తెలిసిపోతుంది.

*ఏ పన్నో వేలు పెట్టి చూపగలరా?* చాలామంది దీనికి సిగ్గుపడతారు. "పై పన్నో కింద పన్నో కూడా తెలీట్లేదు" అని నవ్వుతారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ తెలియకపోవడమే ఒక సమాచారం. గుజ్జులోని నరాలకు నొప్పి తెలుస్తుంది గానీ చోటు సరిగా తెలియదు. అందుకే వాపు ఇంకా పన్ను లోపలే ఉంటే నొప్పి చెవికి, కణతకి, పై దవడ నుంచి కింది దవడకి పాకుతుంది. అదే వేరు కొస దాటి, పన్నును ఎముకకు పట్టి ఉంచే పొరలోకి వెళ్ళిందంటే వేలు పెట్టి "ఇదే" అని చూపిస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి: పంటి నొప్పి కుడి నుంచి ఎడమకు మామూలుగా దాటదు. రెండు వైపులా ఒకేసారి ఉంటే కారణం వేరే చోట వెతకాలి.

*ఇంతకుముందు ఏం జరిగింది?* ఈ మధ్య సిమెంటు పెట్టించారా? ఎప్పుడో సైకిల్ మీంచి పడ్డారా? నెలల కిందట బాగా నొప్పి పుట్టి, దానంతటదే పోయిందా? ఈ చివరిది తప్పకుండా రాయండి.

2. టార్చి వేసి చూడండి

అద్దం ముందు కూర్చుని, ఇంకొకరిని టార్చి పట్టమనండి. నల్లని గొయ్యి, విరిగిన మూల, ఊడిన సిమెంటు, పన్నుకూ పన్నుకూ మధ్య నల్లటి నీడ ఎక్కడైనా ఉన్నాయా చూడండి. రెండు పళ్ళ మధ్య పుచ్చు పైకి కనిపించదు. అక్కడ మాంసం పీచు రోజూ ఇరుక్కుంటుంటే అనుమానించండి.

చిగురు మీద, వేరు ఉండే చోట, చిన్న పొక్కు ఉందా? నొక్కితే ఉప్పగా ఏదైనా వస్తోందా? అది చీము బయటికి పోయే దారి. దారి ఉంది కాబట్టి నొప్పి ఉండకపోవచ్చు. ఒక ముందు పన్ను పక్కవాటికన్నా బూడిదరంగులో ఉంటే, ఎప్పుడో దెబ్బ తగిలి లోపల గుజ్జు చనిపోయి ఉండొచ్చు.

టార్చి ఎలాగూ వేశారు కాబట్టి ఇంట్లో అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఉంటే వారి అంగిలి కూడా చూడండి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఈ అలవాటు మన తీరప్రాంతంలో పాతది. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో పదివేలకు పైగా గ్రామస్తుల అంగిళ్ళు పరీక్షించారు. తెల్లబారిన మందపాటి చర్మం, ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే పంటి నొప్పితో సంబంధం లేకుండా వెంటనే చూపించాలి.

3. ఐస్‌తో పోల్చి చూడండి

ఇది పెద్దవాళ్ళకే. పిల్లలకు చేయకండి, ఏడుపు తప్ప జవాబు రాదు. ఇప్పటికే ఆగకుండా సలుపుతుంటే కూడా వద్దు. అప్పుడు దీనివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు.

మొదట మంచి పన్ను మీద పెట్టాలి. అందరూ నేరుగా నొప్పి పన్ను మీదే పెట్టేస్తారు, దేనితో పోల్చాలో తెలియక ఆగిపోతారు. కుడివైపు పై దవడ పన్ను అనుమానమైతే, ఎడమవైపు అదే పన్నుతో మొదలుపెట్టండి.

పన్నును దూదితో తుడిచి ఆరనివ్వండి. ఐస్ ముక్కను గుడ్డతో పట్టుకుని, దాని కొస పన్ను బుగ్గవైపు భాగానికి, చిగురుకు కాస్త ఎడంగా ఆనించండి. చిగురును తాకకూడదు. చల్లగా తగలగానే తీసేయండి. ఏమీ తగలకపోతే పది అంకెల దాకా ఉంచి తీసేయండి. తీసినప్పటి నుంచి లెక్క మొదలు. తర్వాతి పన్నుకు వెళ్ళేముందు రెండు నిమిషాలు ఆగండి. వరసగా చూస్తుంటే వెనక పన్ను నుంచి ముందుకు రండి, లేకపోతే కరిగిన నీళ్ళు ఇంకా చూడని వెనక పన్నును తాకి గందరగోళం చేస్తాయి.

మంచి పన్నుకు చల్లగా తగులుతుంది, ఒకటి రెండు సెకన్లలో పోతుంది. నొప్పి పన్ను అంతకన్నా పదునుగా జివ్వుమని, ఐస్ తీయగానే కొన్ని సెకన్లలో పోతే గుజ్జు రేగింది గానీ కోలుకునే అవకాశం ఉంది. తీసేశాక అరనిమిషం, అంతకుమించి లాగుతుంటే కోలుకోవడం కష్టం. అసలేమీ తగలకపోతే గుజ్జు చనిపోయి ఉండొచ్చు, కానీ ఇక్కడ తొందరపడకండి. క్యాప్ ఉన్న పన్నుకు, ఇదివరకే రూట్ కెనాల్ అయిన పన్నుకు ఐస్ జవాబు నమ్మలేం. వయసు మీద పడినవాళ్ళలో గుజ్జు గది సన్నబడిపోయి చల్లదనం సరిగా తెలియదు. ఈ మధ్యే దెబ్బ తగిలిన పన్ను బతికే ఉన్నా కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా మొద్దుబారి ఉంటుంది.

వేడి చెంచా పెట్టి చూసే ప్రయోగం మాత్రం చేయకండి. పెదవి కాలుతుంది, పన్ను సంగతి తేలదు.

4. తట్టి, కొరికి చూడండి

చెంచా కాడ కొసతో మంచి పన్నును మెల్లగా, నిలువుగా తట్టండి. తర్వాత అనుమానమున్నదాన్ని. "టక్" అనిపించడం వేరు, నొప్పి వేరు. తట్టినప్పుడు ఒక్క పన్నే నొప్పి పెడితే ఆ వేరు చుట్టూ వాపు ఉంది. నిన్న మొన్న పెట్టించిన సిమెంటు ఎత్తుగా ఉన్నా ఇలాగే ఉంటుంది. అది అరిగించుకుంటే పోయే బాధ.

మడిచిన గుడ్డను ఒక్కో పన్ను మీద పెట్టి నెమ్మదిగా కొరికి, చటుక్కున వదలండి. కొరికినప్పుడు కాకుండా వదిలినప్పుడు చురుక్కుమంటే పన్నులో పగులు ఉండొచ్చు. తేగలు నములుతున్నప్పుడో, ఎముక కొరికినప్పుడో మొదలైందని చెప్పేవాళ్ళలో దీన్ని తప్పక చూడాలి. పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. ఈ సంగతి మీరు చెప్పకపోతే డాక్టరు కూడా దాటిపోయే ప్రమాదం ఉంది.

5. అన్నీ కలిపి చదవండి

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. రెండు మూడు ఒకే వైపు చూపిస్తేనే లెక్క.

చల్లదనానికి, తీపికి జివ్వుమని వెంటనే పోతోంది, తట్టితే నొప్పి లేదు, రాత్రి హాయిగా నిద్రపడుతోంది: సిమెంటుతో అయిపోయే అవకాశం ఎక్కువ. పుచ్చు లేకుండా చిగురు దిగిపోయి, వేరు బయటపడినా ఇలాగే ఉంటుంది. దానికి సిమెంటు కూడా అక్కర్లేకపోవచ్చు, సెన్సిటివిటీ పేస్టు, మెత్తని బ్రష్ చాలు. పుచ్చు ఉంటే మాత్రం వాయిదా వేయకండి. ఈ స్థితి ఎన్నాళ్ళు ఇలాగే ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

దానంతటదే వస్తోంది, చల్లదనమో వేడో తగిలాక చాలాసేపు సలుపుతోంది, రాత్రి లేపుతోంది: గుజ్జు తిరిగి బాగవ్వదు. చాలావరకు రూట్ కెనాల్, లేదా పన్ను తీయించడం. ఈ మధ్యకాలంలో ఇంకో దారి కూడా వచ్చింది. పన్ను పై భాగంలోని గుజ్జు మాత్రం తీసి, రక్తం ఆగితే, వేర్లలోని గుజ్జును బతికించి ఎంటీఏ లాంటి మందుతో మూసేస్తారు. అందరికీ కుదరదు. వయసు చిన్నదైతే, తట్టినప్పుడు పెద్దగా నొప్పి లేకపోతే డాక్టరును అడిగి చూడండి.

విపరీతంగా నొప్పి పుట్టి ఒక రోజు ఆగిపోయింది, ఇప్పుడు ఐస్ పెట్టినా తెలియట్లేదు: గుజ్జు చనిపోయి ఉండొచ్చు. తట్టితే నొప్పి, చిగురు మీద పొక్కు, వాపు ఉంటే చీము వేరు కిందకి చేరింది. వీటికి సిమెంటు పైన పెట్టి మూయించుకోవడం అంటే చీమును లోపల పెట్టి తాళం వేయడమే.

లోతైన పుచ్చు ఉండి ఏ నొప్పీ లేనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ విషయంలో ఇంటి పరీక్ష ఏదీ నమ్మదగింది కాదు. డాక్టరు పుచ్చు తీసి లోపల చూశాకే తేలుతుంది.

6. పన్నులా కనిపించే వేరే నొప్పులు

పై వెనక పళ్ళు మూడు నాలుగు ఒకేసారి బరువుగా ఉండి, వంగితే ఎక్కువైతే, జలుబు కూడా ఉంటే సైనస్ కావొచ్చు. ముఖం కడుక్కుంటే, గాలి తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల పాటు వచ్చి పోతుంటే ముఖ నరం జబ్బు కావొచ్చు. ఆ నొప్పికి పళ్ళు ఒక్కొక్కటిగా పీకించుకున్నవాళ్ళు ఉన్నారు, నొప్పి మాత్రం అలాగే ఉంది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు పొద్దున దవడ కండరాలు పట్టేసి పన్ను నొప్పిలా అనిపిస్తుంది.

7. డాక్టరు దొరికేదాకా

పైడితల్లి సిరిమానుకు ముందురోజో, భోగి నాడో మొదలైతే రెండు రోజులు ఎలాగో నెట్టుకురావాలి. ఆ వైపు నమలకండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి. బుగ్గ మీద బయటి నుంచి చల్లని గుడ్డ వేయొచ్చు. వాపు ఉన్న బుగ్గకు వేడి కాపడం పెట్టకండి.

మాత్రల విషయంలో మన జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది కూడా అందుకే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. షాపులో "పన్ను నొప్పికి ఏదైనా గట్టిది ఇవ్వు" అని అడిగితే చేతికి వచ్చేవి ఎక్కువగా ఇవే. కిడ్నీ జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, బీపీ, షుగరు ఉన్నా వీటిని సొంతంగా వేసుకోకండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటే వెంట తెచ్చుకోండి. పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 650 ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుకు మించకుండా సరిపోతుంది. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు అదీ అడిగే వేసుకోవాలి.

లవంగ నూనె దూదికి ఒక చుక్క అద్ది, గొయ్యిలో కాసేపు పెట్టుకుంటే ఉపశమనం ఉంటుంది. సీసా వంచి పోసుకుంటే చిగురు కాలుతుంది. పన్ను పక్కన ఆస్పిరిన్ మాత్ర నొక్కి పెట్టుకోవడం, జిల్లేడు పాలు పోయడం, గుడాకు రాయడం వద్దు. మరుసటి రోజు నోరు తెరిస్తే పన్ను కన్నా పుండే ఎక్కువ బాధిస్తుంది. పొగ పెట్టి పంటి పురుగులు రాల్చి చూపించేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పన్నులో పురుగు ఉండదు, అక్కడ రాలేది వాళ్ళు తెచ్చిందే.

8. క్లినిక్‌లో

రాసుకున్న కాగితం ముందే చూపించండి. ఆ తర్వాత జరగాల్సినవి ఇవి: నోరంతా చూడటం, చల్లదనం పరీక్ష, తట్టి చూడటం, చిగురు లోతు కొలవడం, ఆ పన్ను ఒక్కదాని చిన్న ఎక్స్‌రే. మేం వాడే చల్లని స్ప్రే మైనస్ 26 డిగ్రీల దగ్గర ఉంటుంది, మీ ఐస్ కన్నా గట్టిగా తెలుస్తుంది. పన్నుకు సన్నని కరెంటు తగిలించి చూసే పరీక్ష కూడా ఉంది. అయితే ఈ రెండూ నరం స్పందిస్తోందా అన్నదే చెప్తాయి. లోపల రక్తం ఆడుతోందా అన్నది నేరుగా చెప్పవు.

పరీక్ష జరుగుతున్నప్పుడు మొహమాటం లేకుండా అడగండి: "పక్క పన్నుతో పోల్చి చూశారా అండీ?" "దీన్ని సిమెంటుతో కాపాడే అవకాశం ఉందా? లేకపోతే ఎందుకు లేదు?" కారణం చెప్పగలిగే డాక్టరు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోడు. ఎక్స్‌రే ఒక్కటే చూపించి రూట్ కెనాల్ అంటే, ఐస్ పరీక్ష కూడా చేయమని అడగండి. నొప్పి ఏ పన్నుదో ఇద్దరికీ తేలకపోతే తొందరపడి ఏ పన్నునూ తెరవనివ్వకండి. ఒకటి రెండు రోజులు ఆగితే చాలాసార్లు అసలు పన్ను తనంతట తానే బయటపడుతుంది. డబ్బు ఇబ్బంది ఉంటే డెంటల్ కాలేజీలో తక్కువకే చేస్తారు, కాకపోతే ఎక్కువసార్లు వెళ్ళాల్సి ఉంటుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*"నొప్పి పోయింది, నయమైంది."* అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. పుచ్చు అలాగే ఉండి నొప్పి మాత్రం ఆగిందంటే నొప్పి చెప్పే గుజ్జే చనిపోయి ఉండొచ్చు. కొన్ని నెలలకు వాపుతో వస్తారు, ఒక్కోసారి అప్పటికి పన్ను మిగలదు.

*"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు."* ఎముకలోని ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా కరిగితే గానీ మామూలు ఎక్స్‌రేలో నల్లని నీడగా కనిపించదు. పైగా గుజ్జు వాపు ఎక్స్‌రేలో కనిపించనే కనిపించదు. కాబట్టి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు.

*"యాంటీబయాటిక్ కోర్సు వాడేస్తే పోద్ది."* గుజ్జు వాపు నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. చనిపోయిన గుజ్జుకు రక్తం అందదు, మందూ అందదు. వాపు పాకుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు అది అవసరమే, అది కూడా పన్ను లోపల శుభ్రం చేయడంతో పాటు. అన్నయ్యకు రాసిన చీటీతో తమ్ముడు కొనుక్కోవడం మానండి.

*సగంలో ఆపేయడం.* రూట్ కెనాల్ మొదటి రోజే నొప్పి పోతుంది. కొందరు ఇక రారు. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకు అరిగి, ఉమ్మి లోపలికి దిగి, మళ్ళీ మొదటికి వస్తుంది. వెనక పన్నుకు క్యాప్ వేయించకుండా వదిలేస్తే పన్ను నిలువునా చీలే ప్రమాదం ఉంది.

*పాలపళ్ళే కదా అని వదిలేయడం.* పాలపన్ను చీము కింద పెరుగుతున్న అసలు పన్నును పాడుచేయగలదు. ఆరేళ్ళకు చివర వచ్చే దవడ పన్నును చాలామంది తల్లిదండ్రులు పాలపన్నే అనుకుంటారు. అది మళ్ళీ రాదు.

9. చేయించుకున్నాక సరిచూసుకోవడం

సిమెంటు పెట్టించుకుంటే మొదటి రోజుల్లో చల్లదనానికి కొంచెం జివ్వుమనడం మామూలే. రోజురోజుకీ తగ్గాలి. రెండు మూడు వారాల తర్వాత 3వ మెట్టు మళ్ళీ చేసి పాత లెక్కతో పోల్చండి. సెకన్లు తగ్గితే గుజ్జు కోలుకుంటోంది. పెరిగినా, రాత్రి నొప్పి మొదలైనా తిరిగి వెళ్ళండి. ముందు కోలుకునేలా కనిపించిన గుజ్జు తర్వాత చేతులెత్తేయడం జరుగుతుంటుంది. ప్రతిసారీ అది డాక్టరు తప్పే అనుకోకండి. కొరికినప్పుడు మాత్రమే నొప్పి అయితే ముందు ఎత్తు సరిచేయించుకోండి.

రూట్ కెనాల్ తర్వాత కొన్ని రోజులు కొరికితే నొప్పి ఉంటుంది, వారంలో బాగా తగ్గాలి. చిగురు మీది పొక్కు కొన్ని వారాల్లో మానిపోవాలి. మానకపోయినా, మానినట్టే మాని మళ్ళీ లేచినా లోపల ఏదో మిగిలింది. వేరు కింద నల్లని నీడ ఉన్నవాళ్ళు ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ చిన్న ఎక్స్‌రే తీయించుకుని పాతదానితో పక్కపక్కన పెట్టి చూపించుకోండి. నీడ చిన్నదవుతుంటే చాలు, పూర్తిగా పోవడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది. పాత ఎక్స్‌రే క్లినిక్‌లో వదిలేయకుండా ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. దానిమీద తేదీ, పన్ను నంబరు కనిపించాలి.